కూర్చుని చెప్పాల్సిన మాట

పోయిన నెల నాన్నని చెకప్‌కి విజయవాడ తీసుకెళ్ళాను. తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు పది నిమిషాల్లో చూసి పంపేశాడు. నాన్న మాత్రం ఇంటికి కదలడు. "ఆ మేడమ్‌ని చూసి పోదాం" అని ఒకటే పట్టు. ఆవిడకోసమని ఉయ్యూరులో రెండు కిలోల బెల్లం కట్టించుకుని మరీ వచ్చాడు. సరే, నాలుగో అంతస్తుకి ఎక్కి, కౌంటర్లో కూర్చున్న అమ్మాయిని అడిగాను.

"ఏ మేడమండీ?"

"సైకాలజీ మేడమమ్మా. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఎప్పుడూ ఓ స్టూలు పట్టుకుని తిరుగుతుంటారే, ఆవిడ."

"ఆవిడ పోయారండీ. మూణ్ణెల్లయింది" అని, ఆ అమ్మాయి నా వెనకున్న మనిషి వైపు తిరిగి "టోకెన్ ఇవ్వండి" అంది. చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. కానీ ఏమని? ఆ పిల్ల పని ఆ పిల్లది. నాన్న గోడవారన కుర్చీలో కూలబడ్డాడు. బెల్లం సంచీ ఒళ్ళోకి తీసుకుని, "ఆవిడ పేరేంటమ్మాయ్?" అన్నాడు.

నాకు తెలియదు. మెళ్ళో వేసుకున్న ఐడీ కార్డు ఎప్పుడు చూసినా తిరగబడే ఉండేది. నా ఫోన్లో ఆవిడ నంబరు "స్టూలు మేడమ్" అని ఉంది. ఆవిడ మీద ఫిర్యాదు రాసినప్పుడు కూడా "నాలుగో అంతస్తుకి వచ్చే సైకాలజిస్టు" అనే రాశాను. అవును, ఫిర్యాదు రాశాను. సిగ్గుపడాల్సిన విషయమే. దాచడం మానేసి రెండేళ్ళయింది కాబట్టి చెబుతున్నాను.

రెండేళ్ళ కిందట ఒక గురువారం పొద్దున అమ్మా నాన్నా కంకిపాడు నుంచి స్కూటర్ మీద విజయవాడ బయల్దేరారు, అమ్మకి కళ్ళద్దాలు మార్పించడానికి. ఊరు దాటగానే కుక్క అడ్డం వచ్చింది. నాన్న బ్రేకు వేశాడు. ఇద్దరూ పడ్డారు. తమ్ముడు ఆ ఊళ్ళోనే ఉంటాడు కాబట్టి పది నిమిషాల్లో పరిగెత్తాడు. అమ్మతోపాటు తను అంబులెన్సు ఎక్కాడు. స్పృహలో లేని నాన్నని పక్కింటాయన ఇంకో బండిలో వేసుకొచ్చాడు. నాన్న ఆస్పత్రికి చేరాడు. అమ్మ బెంజిసర్కిల్ రాకముందే పోయింది.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇంటికి పెద్దదాన్ని. మా ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తేల్చేది నేనే. ఆ పదవి నాకు ఎవరూ ఇవ్వలేదు, నా అంతట నేనే తీసుకున్నాను. ఆ రోజు నేను చేరేసరికి డాక్టరు వరండాలో నిలబడి, చేతి తొడుగులు ఊడదీసుకుంటూ చెప్పాడు: "మీ నాన్నగారి గుండెకి స్టెంటు ఉంది. పక్కటెముకలు విరిగాయి. రేపు తుంటికి ఆపరేషన్. ఆవిడ సంగతి ఇప్పుడే చెప్పకండి, రెండ్రోజులు ఆగండి." ఆ మాట నాకు వేదమైంది. అమ్మ కాలు విరిగింది, కింద ఆడవాళ్ళ వార్డులో ఉంది, తమ్ముడు అక్కడే ఉండి చూసుకుంటున్నాడు, అందుకే ఇటు రాలేకపోతున్నాడు. ఇదీ నేను అల్లిన కథ. వాడు అక్కడ తలకొరివి పెట్టి కర్మలో కూర్చుంటే, ఇక్కడ నేను వాడికి ఆడవాళ్ళ వార్డులో డ్యూటీ వేశాను.

శుక్రవారం ఇక్కడ నాన్నకి ఆపరేషన్, అక్కడ అమ్మ దహనం. "నువ్వెళ్ళు, నేనిక్కడ ఉంటాను" అన్నారు మా ఆయన. కాగితాల మీద సంతకానికి కూతురే ఉండాలని నేనే ఉండిపోయాను. సంతకం అల్లుడు పెట్టినా సరిపోయేది. నాకు భయమేసింది, అంతే. అమ్మని నేను చూడలేదు.

మేడమ్‌ని మొదటిసారి చూసింది ఆ మర్నాడు, ఐసీయూలో. నాన్న రిటైరయ్యేదాకా చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల తూకం దగ్గర పనిచేశాడు. ఆ పొద్దున కళ్ళు పైకప్పుకి అప్పగించి, "బండ్లు పోతన్నాయి, తూకం వెయ్యకుండా వదిలేస్తన్నారు, ఆపండి" అని అరుస్తున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాను. తలకి కూడా దెబ్బ తగిలిందేమో, నాన్న ఇంక నాన్నలా మిగలడేమో అని. చూస్తే ఆయన పక్కనే ఎవరో పొడుగాటావిడ, గంజి పెట్టిన నేత చీరలో, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తీరిగ్గా అడుగుతోంది: "ఇప్పటిదాకా ఎన్ని బండ్లు పోయాయండీ?"

"ఎవరండీ మీరు?" అన్నాను.

"సైకాలజిస్టునండీ."

"మా నాన్నకి పిచ్చేం పట్టలేదు."

"పట్టలేదండీ" అంది ఆవిడ, ఏమాత్రం నొచ్చుకోకుండా. "ఇక్కడ పగలూ రాత్రీ ఒకేలా ఉంటుంది. మత్తు, నొప్పి. పెద్దవయసువాళ్ళు చాలామంది ఇలాగే తికమకపడతారు. తగ్గిపోద్ది. లెక్క చెప్పేటప్పుడు ఆయనకి కంగారు తగ్గుతోంది, అందుకని అడుగుతున్నా. మీరూ అడగండి."

నేను అడగలేదు. నాన్న మాత్రం "నలభై మూడు" అని ఆవిడకి జవాబు చెప్పి, కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆవిడ ఒక గోడగడియారం, రోజుకో కాగితం చింపే క్యాలెండరూ తెప్పించి ఆయన కళ్ళకెదురుగా పెట్టించింది. రోజూ పొద్దున్నే వచ్చి కాగితం చింపి, "ఇవాళ ఆదివారమండీ. మీరు విజయవాడలో ఆస్పత్రిలో ఉన్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది" అని చెప్పి వెళ్ళేది. ఒక్క నాన్నకే కాదు, ఆ అంతస్తులో తెలివి తప్పి తెలివొచ్చిన ప్రతి మనిషికీ. నోట్లో గొట్టం ఉండి మాట్లాడలేనివాళ్ళకి పలకా బలపం ఇచ్చేది. ఒక ముసలాయన ఆ పలక మీద వణుకుతూ "కాఫీ" అని రాస్తే, దాన్ని పట్టుకుని వార్డంతా చూపించింది, సొంత మనవడు మొదటి అక్షరం దిద్దినంత సంబరంగా.

ఆ స్టూలు ఆవిడ తను కూర్చోవడానికే తెచ్చుకుంటుందనుకున్నాను. కాదు. దివిసీమ నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది, నిండా ఇరవై రెండేళ్ళుండవు. మొగుడికి కాలు తియ్యాలి. డాక్టరు నడుస్తూ నడుస్తూనే ఆ సంగతి చెప్పబోతుంటే మేడమ్ గబగబా వచ్చి ఆయన కాళ్ళకి అడ్డంగా స్టూలు వేసింది. "కూర్చుని చెప్పండి డాక్టరుగారూ." ఆయన వాచీ చూసుకున్నాడు. "మూడు నిమిషాలేనండీ. మీరు నిలబడి చెప్తే ఈ అమ్మాయికి ఏదీ వినపడదు." ఆయన గొణుక్కుంటూనే కూర్చున్నాడు. కూర్చున్నాక గొంతు దానంతటదే తగ్గింది. ఆ పిల్ల రెండుసార్లు అడిగింది, ఆయన రెండుసార్లూ చెప్పాడు. ఆయన వెళ్ళిపోయాక మేడమ్ ఆ పిల్లతో "డాక్టరుగారు ఏం చెప్పారో ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంది. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఏడ్చింది. మేడమ్ ఊరుకోమనలేదు. "ఆ తర్వాత?" అంది.

ఆ "ఆ తర్వాత?" నాకు ఒళ్ళు మండించేది. ఏం చెప్పినా అదే మాట. ధైర్యంగా ఉండండి, దేవుడున్నాడు, అంతా మంచే జరుగుతుంది, ఇలాంటివి ఆవిడ నోట రావు. ఒకసారి నేనే అడిగేశాను, "మీరు కాస్త ధైర్యం చెప్పొచ్చు కదండీ జనానికి?" అని.

"నేను చెప్పనండీ. దానికి మీ చుట్టాలున్నారుగా" అంది.

ఇంకోరోజు మెట్ల మీద ఒక్కత్తే కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. నన్ను చూసి ఏమీ దాచలేదు. "అయిదో నంబరు బెడ్డాయన పోయారండీ" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, స్టూలు తీసుకుని, ఆరో నంబరు దగ్గరికి వెళ్ళింది. ఇదేం డాక్టరమ్మా, తనే ఏడుస్తోంది అనుకున్నాను.

ఆదివారం నాన్నని, ఆ క్యాలెండరుతో సహా, వార్డులోకి మార్చారు. తెలివి పూర్తిగా వచ్చింది. దాంతో నా ప్రాణం మీదికొచ్చింది. చుట్టాలు మొదలయ్యారు. నేను పొద్దున ఎనిమిదింటికే నాలుగో అంతస్తు లిఫ్టు దగ్గర కాపలా నిలబడేదాన్ని. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒకడుగు ముందుకేసేదాన్ని. వచ్చినవాళ్ళని పక్కకి లాగి, పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించేదాన్ని. "అమ్మ ఎక్కడుంది?" "ఆడవాళ్ళ వార్డులో." "ఏమైంది?" "కాలు విరిగింది." "ఎప్పుడు చూశారు?" "ఇప్పుడే చూసొచ్చాం." తప్పు చెప్పినవాళ్ళని మళ్ళీ మొదట్నుంచీ చెప్పించేదాన్ని. ఎర్రబడ్డ కళ్ళతో వచ్చినవాళ్ళని మొహం కడుక్కునేదాకా లోపలికి పంపేదాన్ని కాదు.

మా పెద్దమ్మ ఉంది, అమ్మకి సొంత అక్క. ఎంత చెప్పినా ఒక పట్టాన ఆగదు. నాన్న మంచం దగ్గర కూర్చుని, "మా చెల్లెలికేం మరిదిగారూ, నిక్షేపంగా ఉంది, నిన్న నాకు వంకాయ కూర వండి పెట్టింది" అనేసింది. కాలు విరిగిన మనిషి వంకాయ కూర వండడం ఏమిటి? నాన్న ఆవిడకేసి ఓ క్షణం చూసి, "కారం సరిపోయిందా?" అన్నాడు. హమ్మయ్య, మందుల మత్తులో ఉన్నాడు, పట్టించుకోలేదు అనుకున్నాను. తెలివిగల కూతుర్ని కదా!

మేడమ్ రోజూ నాన్న దగ్గర ఓ అరగంట కూర్చునేది. తెర లాగేసేది. ఏం మాట్లాడుతున్నారో వినపడేది కాదు. బుధవారం, అంటే ఏడో రోజు, పట్టుకుని అడిగాను.

"ఆయన నాతో చెప్పింది మీకు చెప్పనండీ. మీరు నాతో చెప్పేది ఆయనకీ చెప్పను."

"మా నాన్నండీ! మా నాన్నకి మీతో రహస్యాలేంటి?"

"మీకు ఆయనతో ఉన్నాయిగా" అంది. వెటకారం కాదు, మామూలుగానే అంది. "డాక్టరుగారు రెండ్రోజులాగమన్నారు. ఇవాళ ఏడోది. నేను ఆయన్ని అడిగాను, ఇప్పుడు చెప్పొచ్చు అన్నారు. ఆదివారం పెద్దకర్మ. ఆ లోపల మీరు చెప్తే బాగుంటుంది. నేను పక్కనుంటాను."

నాకు పూనకం వచ్చినంత పనైంది. వరండాలో అందరూ వింటుండగా అరిచాను. "మీకేం పోయింది? చెప్పమంటారు, స్టూలెత్తుకుని పక్క మంచానికి పోతారు. గుండె ఆగితే ఆగేది మా నాన్నది. వారం కిందటే అమ్మ పోయింది, ఇప్పుడు నాన్నని కూడా నా చేతుల్తో చంపమంటారా?"

ఆవిడ కదలకుండా విన్నది. "ఆ తర్వాత?" అని మాత్రం అనలేదు. "మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయిందండీ?" అంది.

ఇక ఆగలేదు. కిందకి దిగి, తెల్లకాగితం అడిగి, మార్జిన్ గీసి, గుండ్రంగా రాసిచ్చాను. పై వ్యక్తి మా నాన్నగారి మంచం దగ్గరికి రాకుండా చూడవలసిందిగా ప్రార్థన, అని. తర్వాతెప్పుడో ఆ కాగితం వెనక్కి తీసుకుంటానంటే ఆవిడ వద్దంది. "ఉండనివ్వండి. నా మీద ఇంత మంచి దస్తూరితో ఎవరూ రాయలేదు" అంది. మనిషి అలాంటిది.

గురువారం పొద్దున లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే స్టూలుతో సహా వచ్చింది. నన్ను కూర్చోమని స్టూలు వేసింది.

"మిమ్మల్ని రావద్దని రాసిచ్చాను" అన్నాను.

"మంచం దగ్గరికి రావద్దన్నారండీ. లిఫ్టు గురించి రాయలేదు."

నేను కూర్చోలేదు. ఆవిడా కూర్చోలేదు. ఖాళీ స్టూలుకి చెరోపక్కా నిలబడ్డాం. కాసేపటికి ఆవిడ సంచీలోంచి మజ్జిగ సీసా తీసిచ్చింది. తాగాను, కోపంగానే తాగాను. వెళ్ళేముందు, "మీ అమ్మగారు ఏం వండితే మీకిష్టమండీ?" అని అడిగింది. పనికిమాలిన ప్రశ్న అనుకున్నాను. కానీ ఆ రోజంతా గోంగూర పులుసు వాసన ముక్కులోంచి పోలేదు.

శుక్రవారం నాన్న అన్నం మానేశాడు. ఇడ్లీ తెస్తే గోడవైపు తిరిగాడు. మధ్యాహ్నం పెరుగన్నం తెస్తే పళ్ళెం నెట్టేశాడు. "ఆ మేడమ్ రావట్లేదేం?" అన్నాడు, ఆ ఒక్కమాటే. సాయంత్రానికి బీపీ పడిపోయింది. సెలైన్ పెట్టారు. రేపు కూడా తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నారు. చెప్తే చచ్చిపోతాడని తొమ్మిది రోజులు కాపలా కాశాను. చెప్పకపోయినా నా కళ్ళముందే పోయేట్టున్నాడు. ఎల్లుండే పెద్దకర్మ. కట్టుకున్న మనిషికి పిండం పెట్టే రోజున కూడా ఆవిడ కింది అంతస్తులో ఇడ్లీ తింటోందని చెప్పాలా? అప్పటికీ చెప్పకపోతే ఆయన బతికినా నా మొహం చూస్తాడా? ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

శనివారం పొద్దున్నే ఆవిడ గది వెతుక్కుంటూ వెళ్ళాను. గదంటే గది కాదు, దుప్పట్లు మడతపెట్టే చోట ఓ మూల బల్ల. గుమ్మంలోనే నిలబడి, "రండి" అన్నాను. క్షమించండి అనడం నాకు చేతకాలేదు.

ఆవిడ వెంటనే లేచింది. దారిలో అడిగాను: "ఎట్లా మొదలుపెట్టాలండీ? ఏమని చెప్పాలి?"

"చెప్పకండి. అడగండి. 'నాన్నా, నీకేం తెలుసు' అని అడగండి. తర్వాత మీరు ఆగండి. ఎంతసేపైనా సరే, మీరు మాట్లాడకండి."

లెక్కల టీచరుకి ఇది చాలా కష్టం. వెళ్ళాను. ఆవిడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తను మంచం చివర నిలబడింది. నాన్న చెయ్యి పట్టుకున్నాను. గుండె కొట్టుకోవడం చూపించే మానిటర్ మీద అంకెల్నే చూస్తూ అడిగాను. "నాన్నా, అమ్మ గురించి నీకేం తెలుసు?"

నాన్న క్యాలెండరు కేసి చూస్తూ ఉండిపోయాడు. నేను నోరు తెరవబోతే మేడమ్ తల అడ్డంగా ఊపింది.

"పదిహేడు మంది వచ్చారమ్మాయ్" అన్నాడు నాన్న. "లెక్కపెట్టా, వేరే పనేముంది. అందరూ మీ అమ్మ బాగుందనే చెప్పారు. పోయేటప్పుడు మాత్రం ఒక్కడంటే ఒక్కడు 'వెళ్ళొస్తా' అనలేదు. తలొంచుకుని లేచిపోయారు. మంగళవారం ఒక్కళ్ళూ రాలేదు. నిన్న శుక్రవారం, నిన్నా అంతే. రోగిష్టోణ్ణి చూడ్డానికొచ్చేవాళ్ళకి వారమేంటమ్మా? వర్జ్యమేంటి?"

మావైపు చావు పలకరింపుకి వెళ్ళినవాళ్ళు మంగళ శుక్రవారాల్లో వెళ్ళరు. తిరిగి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పరు. అలాంటి పనిమీద మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? నేను వాళ్ళకి ప్రతి మాటా నేర్పించాను. వాళ్ళు మాత్రం తెలియకుండానే చావింటికి వచ్చినట్టే వచ్చి, చావింటి నుంచి వెళ్ళినట్టే వెళ్ళారు. వాళ్ళకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. రోజూ కాగితం చింపే ఆ క్యాలెండరు చూసుకుంటూ మంచం మీద పడుకున్న మనిషికి తట్టింది.

"మరి నన్నడగలేదేం నాన్నా?"

"ఎట్టా అడగను? మీ అమ్మ ఇడ్లీ తిందంటావు, కాఫీ తాగిందంటావు. కంట్లో చుక్క నీరు లేదు. నేను తెలుసన్నానంటే నువ్వక్కడే కూలిపోతావేమోనని భయమేసింది. ఈ మేడమ్‌తో చెప్పా. నా సంగతి పోనీయండీ, లిఫ్టు దగ్గర మా అమ్మాయుంది, దాన్ని కాస్త చూడండీ అని. నువ్వేమో ఆవిణ్ణే రానియ్యకుండా చేశావు."

నేను మేడమ్ వైపు తిరిగాను. ఆవిడ దుప్పటి అంచు సర్దుతోంది. మజ్జిగ సీసా, నిద్రపోయారా అన్న ప్రశ్న, అమ్మ వంట సంగతి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నాన్నకి చెప్పడానికి నన్ను ఒప్పించాలని నా చుట్టూ తిరుగుతోందనుకున్నాను. ఆవిడ పేషెంటుని నేను.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు నాన్న.

"ఆ రోజే నాన్నా. దార్లోనే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కణతల మీదుగా నీళ్ళు దిండులోకి కారాయి. మానిటర్ మీద అంకె పెరిగింది. మళ్ళీ మెల్లిగా దిగింది. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు: "ఏ చీర కట్టారమ్మాయ్?"

"తెలీదు నాన్నా."

"పసుపు రాశారా? కమ్మలుంచారా, తీసేశారా?"

"తెలీదు. నేను... నేను వెళ్ళలేదు నాన్నా. నేనిక్కడే ఉన్నాను."

అప్పుడు కళ్ళు తెరిచి నాకేసి చూశాడు. "నువ్వూ చూళ్ళేదా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "తమ్ముణ్ణి పిలువు" అన్నాడు.

ఆ పొద్దున కాలవ గట్టున దశాహం ముగించుకుని వాడు మధ్యాహ్నానికి వచ్చాడు. బోడిగుండు మీద తువ్వాలు కప్పుకుని, గుమ్మంలో ఆగిపోయాడు, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక. నాన్న రమ్మని చెయ్యి చాపాడు. వాడు వంగితే తువ్వాలు తీసి గుండు నిమిరాడు. "ఎండలో అట్టా వచ్చేశావేంట్రా, ఆటో కట్టించుకోలేకపోయావా" అన్నాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. మేడమ్ ఇంకో స్టూలు ఎక్కణ్ణుంచి తెచ్చిందో, వాడికి వేసింది. "మొదట్నుంచీ చెప్పండి. తొందరేం లేదు" అంది.

చెప్పాడు. బీరువాలో పై అరలో ఉన్న ఆకుపచ్చ పట్టుచీర కట్టారట, పెద్దమ్మ తీసిచ్చిందట.

"అది గుచ్చుకుంటందని కట్టేది కాదురా" అన్నాడు నాన్న.

"తెలీదు నాన్నా."

"పోన్లే. ఒక్కరోజుకేగా."

పసుపు రాసి, బొట్టు పెద్దది పెట్టారట. కమ్మలు తీసి దాచారట. స్మశానం దాకా మా వీధి చివర ఉండే స్కూటర్ మెకానిక్ కూడా నడిచొచ్చాడట, అమ్మ రోజూ వాడికి మంచినీళ్ళు ఇచ్చేదట, మాకెవరికీ తెలియదు. నాన్న ఒక్కొక్కటే అడుగుతున్నాడు. వాడు చెబుతున్నాడు. ఆయన మధ్యలో ఓసారి మంచినీళ్ళడిగి తాగాడు. నేను మాత్రం పక్కింటివాళ్ళ సంగతి వింటున్నట్టు వింటూ కూర్చున్నాను.

చెప్పడం అయిపోయింది అనుకుని తమ్ముడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు మేడమ్ నా దగ్గరికొచ్చి వంగి అడిగింది. "మీరు అడగాల్సిందేమన్నా ఉందా అండీ?"

ఉంది. పది రోజులుగా ఉంది. అడిగితే జవాబొస్తుందని భయపడి వాడికి ఫోన్ చేసిన ప్రతిసారీ మింగేసిన మాట అది.

"అంబులెన్సులో అమ్మ ఏమన్నా మాట్లాడిందా?" అన్నాను.

వాడు నాన్న వైపు చూశాడు. "చెప్పరా" అన్నాడు నాన్న.

"ముందు బానే మాట్లాడిందక్కా. నాకేం కాలేదు, నడుం పట్టేసిందంతే, మీ నాన్ననే చూడండి అంది. నీకు చేద్దామని నేను ఫోన్ తీశా. చెయ్యి పట్టుకుంది." వాడు తువ్వాలు అంచు మెలిపెట్టాడు. "'అక్కకి చెయ్యకురా, క్లాసులో ఉంటది. ఊరికే కంగారుపడిపోద్ది. సాయంత్రం నేనే చెప్తాలే' అంది."

నాలోంచి వచ్చిన ఆ శబ్దం నాదేనని నాకే తెలియలేదు. నాన్న మంచం కమ్మీ పట్టుకుని, ఆ చివర్నుంచి ఈ చివరికి వార్డంతా వినపడేలా ఏడ్చాను. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. ఏమైందో, ఎవరు పోయారోనని ఇద్దరు నర్సులు పరిగెత్తుకుంటూ వచ్చారు. మేడమ్ నా వీపు మీద చెయ్యి వేసి, వాళ్ళతో అందరికీ వినపడేలా చెప్పింది.

"కంగారేం లేదమ్మా. వాళ్ళ అమ్మగారు చనిపోయారు. అందుకని ఏడుస్తున్నారు."